యువజనులకు సేవాద్వారములు చూపుట: గ్రంథాలయ ధర్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున గడచిన కాలమును కొనియాడుట సహజము. కాని పండుగనాడు ఇల్లలికి ముగ్గు పెట్టినంత మాత్రమున మరునాటి వంటకు బియ్యము సమకూరదు. రాబోవు కాలమున ఈ గ్రంథాలయము ఎవరికి ఏ విధముగా అక్కరకు వచ్చునో యోచించుటయు రజతోత్సవములో భాగమే. అందుచేత నేటి ప్రసంగమునకు విషయము ఇది: సేవ చేయగోరు యువజనులకు అంతర్జాలమున సేవావకాశములను వెదకి చూపుట.

డిగ్రీ ముగించి, ఉద్యోగ ప్రకటనకై ఎదురుచూచుచు, ఒక పరీక్షకును మరియొక పరీక్షకును నడుమ నెలల తరబడి ఇంట కూర్చుండు బిడ్డలు నేడు ప్రతి గ్రామమునను గలరు. వారి చేత ఫోను కలదు; చదువు కలదు; తీరిక కలదు. పెద్దలు చూచి, “ఎప్పుడు చూచినను ఆ ఫోనే” యని విసుగుకొందురు. ఆ విసుగువలన ఫోను చేతినుండి జారదు. బిడ్డ మాత్రము పెద్దలకు దూరమగును. “నావలన ఎవరికిని ప్రయోజనము లేదు” అను తలపు యువకుని మనస్సున పాతుకొనెనేని, అది ఉద్యోగము లేకపోవుటకంటెను కీడు. ఉద్యోగ మిచ్చుట గ్రంథాలయమునకు శక్యము గాదు. ఆ తలపును తొలగించుట మాత్రము శక్యమే.

ముందుగా ఒక మాటను తేటపరుపవలెను. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 50 ఇండ్లకొకరి చొప్పున గ్రామ వాలంటీర్లను నియమించి నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనము నిర్ణయించెను. నాటినుండి వాలంటీరనగానే ఇంటికి పింఛను తెచ్చియిచ్చు మనిషి జనులకు స్ఫురించును. ఇచట చెప్పబడు సేవ వేరు. దీనికి వేతనము లేదు, పదవి లేదు. తన తీరికలో తనకు వచ్చిన పనిని, ఎవరి బలవంతమును లేక, పరులకై చేయుటయే ఇది.

ఇట్టి సేవ తెలుగునాట క్రొత్త గాదు. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమే దానివలన పుట్టినది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథ భాండాగార ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఊరూర తిరిగి గ్రంథాలయములను నెలకొల్పించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువలో పడవపై గ్రంథాలయమును నడిపించిరి. పాఠకుడు గ్రంథమువద్దకు రాలేనిచో గ్రంథమే పాఠకునివద్దకు పోవలెనని వారి సంకల్పము. నేడు సేవావకాశము విషయమునను ఇదే న్యాయము చెల్లును. అవకాశ మెచ్చటనో ఉన్నది. యువకుడు ఇచ్చట ఉన్నాడు. నడుమ ఒక పడవ కావలెను.

“ఫోనులో వెదకిన అన్నియు దొరకును గదా, నడుమ గ్రంథాలయ మెందులకు?” అని కొందరు శంకింతురు. ఈ శంకకు సమాధానము కిష్కింధాకాండమున గలదు. సీతాన్వేషణమునకై దక్షిణదిక్కునకు పోయిన వానరులు గడువు మీరి, దారి తోచక, సముద్రతీరమున ప్రాయోపవేశమునకు సిద్ధపడిరి. అప్పుడు దూరదృష్టిగల సంపాతి, సీతాదేవి లంకలో నున్నదని తెలిపెను. చోటు తెలిసినది, దూరమును తెలిసినది. అంతటితో పని నెరవేరెనా? లేదు. ఒక్కొక్క వానరుడు తాను ఎన్ని యోజనములు దాటగలడో చెప్పుకొనెను. అంగదుడు నూరు యోజనములు పోగలనుగాని తిరిగి రాగలనో లేదో యని సంశయించెను. దాటగల ఆంజనేయుడు మాత్రము ఒక ప్రక్క మౌనముగా కూర్చుండెను. జాంబవంతుడు దగ్గరకు పోయి అతని బలమును అతనికి గుర్తుచేసిన పిదపనే లంఘనము జరిగెను.

అంతర్జాలము సంపాతివంటిది. అది చోటు చెప్పును, అంతకుమించి చేయజాలదు. పక్కన కూర్చున్న బిడ్డకు ఏమి వచ్చునో, ఎంత తీరిక యున్నదో, ఏ బిడియము అడ్డుపడుచున్నదో దానికి తెలియదు. జాంబవంతుని పని మనుష్యులే చేయవలెను. గ్రంథాలయము చేయదగిన పని ఇదియే.

ఇక సంపాతి చూపు చోటులు కొన్ని చెప్పవలసియున్నది. అన్నిటిని ఏకరువు పెట్టుట వ్యర్థము. గ్రామ యువజనులకు అందుబాటులో నున్నవి చాలును.

మొదటిది కాళ్లతో చేయు సేవ. కేంద్ర యువజన వ్యవహారముల మంత్రిత్వశాఖ 2023 అక్టోబరు 31న ‘మేరా యువ భారత్’ అను సంస్థను ఆరంభించినది. వాడుకలో దానిని ‘మై భారత్’ అందురు. 15 మొదలు 29 ఏండ్ల వయస్సు గలవారు దాని పోర్టలునందు పేరు నమోదు చేసికొని సేవాకార్యక్రమములను తెలిసికొనవచ్చును. కళాశాల విద్యార్థులకు జాతీయ సేవా పథకము కలదు. గాంధీమహాత్ముని శతజయంతి వత్సరమగు 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయములలో అది మొదలైనది. రెండేండ్లలో 240 గంటల సేవయు, ఏడుదినముల ప్రత్యేక శిబిరమును దాని నియమములు. పాఠశాలలకు సాయపడగోరువారికై కేంద్ర విద్యాశాఖ 2021 సెప్టెంబరులో ‘విద్యాంజలి’ పోర్టలును నూతనరూపమున వెలువరించినది. పాఠశాలలు తమకు కావలసిన సాయమును అందు ప్రకటించును. సేవకుడు సంసిద్ధతను తెలుపును. పాఠశాల అంగీకరించిన పిదప పని మొదలగును. సాయంకాలము ఒక గంట లెక్కలు చెప్పగల డిగ్రీ విద్యార్థికి ఇంతకంటె తగిన పని లేదు.

రక్తదానమును ఇట్టిదే. రక్తనిధుల వివరములను తెలుపు ‘ఈ-రక్తకోశ్’ అను ప్రభుత్వ పోర్టలు 2016 నుండి కలదు. 18 ఏండ్లు నిండి, కనీసము 45 కిలోల బరువుండి, ఆరోగ్యవంతులైనవారు దానమునకు తగుదురు. పురుషులు 90 దినములకు, స్త్రీలు 120 దినములకు ఒకమారు ఇయ్యవచ్చును. ఊరిలో ఏ వర్గపు రక్తము ఎవరిదో ముందే వ్రాసిపెట్టుకొనినచో, అర్ధరాత్రి ప్రసవవేదన పడు తల్లికై నలుగురి తలుపులు తట్టు అవస్థ తప్పును. అయితే అట్టి పట్టికను దాతల అనుమతితోనే వ్రాయవలెను, గోడకు అంటింపరాదు.

రెండవది కూర్చున్నచోటనుండి చేయు సేవ. చూపులేనివారికి కన్నులు ఎరవిచ్చు ‘బీ మై ఐస్’ అను సాధనము డెన్మార్కు దేశమున పుట్టి 2015లో వెలువడినది. చూపులేని వ్యక్తి తన ఫోనును ఒక వస్తువువైపు త్రిప్పి పిలుచును. ఎక్కడనో ఉన్న సేవకుడు ఆ దృశ్యమును తన ఫోనులో చూచి, మందుసీసాపై ఏమి వ్రాసియున్నదో, ఏ చొక్కా ఏ రంగులో నున్నదో చెప్పును. పని నిమిషములలో ముగియును. ‘ఓపెన్ స్ట్రీట్ మ్యాప్’ అను పటము 2004లో ఇంగ్లండున మొదలైనది. దానిని ఎవరైనను పూరింపవచ్చును. 2010 జనవరిలో హైతీ దేశమున భూకంపము వచ్చినపుడు, దూరదేశములనున్న సేవకులు ఉపగ్రహ చిత్రములను చూచి పోర్టో ప్రిన్స్ నగర వీథులను ఆ పటమున గీచిరి. సహాయక బృందములు దానిని వాడుకొన్నవి. తన ఊరి డొంకదారిని, ఆసుపత్రిని, మంచినీటి చెరువును అట్టి పటమున సరిగా గుర్తించుట పదునెనిమిదేండ్ల బాలునికి కష్టము గాదు. ఇంగ్లీషు బాగుగ వచ్చి, 18 ఏండ్లు నిండినవారికి ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ 2000 నుండి నడుపుచున్న ఆన్‌లైను సేవాద్వారము కలదు. అనువాదము, రచన, బొమ్మలు గీచుట మొదలగు పనులకు అందు సేవకులను కోరుదురు.

మూడవది ఈ సభవారికి మిక్కిలి దగ్గరది: తెలుగు భాషకు చేయు సేవ. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. దానిలో వ్రాయువారు వేతనము గోరని సేవకులే. దాని తోబుట్టువగు వికీసోర్సు ప్రాతగ్రంథముల నిలయము. అందు ఒకవైపు ప్రాతపుస్తకపు పుట చిత్రముగా కనబడును. రెండవవైపు యంత్రము చదివి తీసిన అక్షరములుండును. యంత్రమునకు అరసున్న కనబడదు, బండి ‘ఱ’కును సాధురేఫమునకును భేదము తోచదు, చివికిన కాగితముపై ఒత్తులు తారుమారగును. సేవకుడు రెంటిని పోల్చి తప్పులు దిద్దును. దిద్దని పుట ఎఱుపు, ఒకరు దిద్దిన పుట పసుపు, మరియొకరు సరిచూచినది ఆకుపచ్చ. దిద్దినవాడే ఆమోదింపరాదు, రెండవవాడు వేరొకడై యుండవలెను. లెక్కల పుస్తకము వ్రాసినవాడే తనిఖీ చేయరాదను నీతివంటిదే ఇది. ఇట్లు చేర్చు గ్రంథములకు హక్కుల గడువు తీరియుండవలెను. మన దేశమున రచయిత గతించిన పిదప 60 ఏండ్లవరకు ఆ హక్కులు నిలుచును.

ఈ పనిలో ఒక విశేషము గలదు. అరసున్న యెఱిగిన పెద్దలకు ఫోనుపై టైపు చేయుట రాదు. టైపు చేయగల పిల్లలకు అరసున్న తెలియదు. ఇద్దరును ఒక బల్లయొద్ద కూర్చుండిననే పుట పూర్తియగును. అట్లు కూర్చుండిన మనుమనికి తాత పద్యము విడమరచి చెప్పును; తాతకు మనుమని ఫోను శత్రువుగా తోచదు. ఒక్క పుట పచ్చబారుటకు ఇరువురు కావలెనను నియమము, ఒక ఇంటిలో రెండు తరములను దగ్గర చేయగల నియమము.

“ఊరిలో పని లేకనా ఎక్కడనో వెదకుట?” అను ప్రశ్న న్యాయమైనదే. మురుగుకాలువ పూడిక ఊరిలోనే ఉన్నది. చదువురాని వృద్ధురాలి దరఖాస్తు ఊరిలోనే ఉన్నది. అయినను ఒక సత్యమును దాచరాదు. గ్రామమున ఒక యువకుడు పార చేతబట్టగానే, “వీడు ఏ పక్షమువాడు? ఏ వీథివాడు? పంచాయతీ ఎన్నికలకా ఈ పని?” అని అడుగువారే ఎక్కువ. ఆ మాటలకు జడిసి ఎందరో చేతులు ముడుచుకొందురు. అంతర్జాలమున పుట దిద్దువానిని వీథి యేదని ఎవరును అడుగరు. దిద్దిన తప్పులనే చూతురు. అచ్చట తన పని పదిమందికి పనికివచ్చినదని యెఱిగినవాడు, రేపు ఊరి కాలువ యొద్ద నలుగురి మాటలకు జంకడు. దూరపు సేవ దగ్గరి సేవకు సాధన.

ఇక గ్రంథాలయము చేయవలసిన పని యేది? ధనము అంతగా అక్కరలేదు. ఒక కంప్యూటరు, ఒక నోటుపుస్తకము, వారమునకు రెండు సాయంకాలములు, ఓర్పుగల పెద్ద ఒకరు: ఇవి చాలును.

వచ్చిన యువకునితో మొదట పోర్టలు తెరువరాదు. వానరుల యోజనముల లెక్కవలె, వాని శక్తిని వానిచేతనే చెప్పింపవలెను. వారమునకు ఎన్ని గంటలు? ఏ భాష? ఏ పని చేతనగును? ఫోను సొంతమా, ఇంటివారిదా? ఎన్ని నెలలు ఊరిలో నుండును? సిగ్గుపడక “వారమునకు ఒక్క గంటయే” యని చెప్పినవాడు, “ఎంతైనను చేయుదు” నన్నవానికంటె నమ్మదగినవాడు. అంగదునివలె పోవుటయే గాక తిరిగి వచ్చుటను గూడ యోచించువాడు గదా అతడు.

పిదప ఆ శక్తికి తగిన ఒక్క పనినే చూపవలెను. ఇరువది ద్వారములు ఒక్కమారు చూపినచో యువకుడు దేనిలోనికిని పోడు. మొదటి పనిని ఇంటికి పంపక, గ్రంథాలయములోనే పూర్తిచేయింపవలెను. పేరు నమోదు చేసికొని మరల తెరువనివారు ఎక్కువమంది. ఆరంభించిన మొదటి పని ముగిసినదా లేదా అన్నదే ముఖ్యము. ఒక పుట దిద్దుట, ఒక వీథి గుర్తించుట, ఒక తరగతికి ఎక్కములు చెప్పుట, ఏదైనను సరే, ఆ సాయంకాలము ముగియవలెను.

చిన్నపనికి విలువ యెంతయో 1923 నాటి కాకినాడ కాంగ్రెసు మహాసభ తెలుపును. ఖద్దరు ప్రదర్శనశాల వాకిట టికెట్టులేనివారిని లోనికి విడువరాదని పదునాలుగేండ్ల దుర్గాబాయికి పని యప్పగింపబడెను. జవహర్లాల్ నెహ్రూగారు టికెట్టులేక రాగా ఆ బాలిక ఆయనను నిలిపివేసెను. నిర్వాహకులు టికెట్టు సమకూర్చిన పిదపనే లోనికి పోనిచ్చెను. ఆ బాలికయే 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించినది. పిదప రాజ్యాంగ సభలో సభ్యురాలైనది. ఆమెకు నాడు దేశమును ఉద్ధరింపుమని ఎవరును చెప్పలేదు. “ఈ వాకిలి కావలి యుండుము” అని చెప్పిరి. హద్దులు తెలిసిన పని యగుటచేతనే ఆమె దానిని నిండుగా నెరవేర్చెను. యువజనులకు పెద్దలు ఇయ్యవలసినది ఉపదేశము గాదు. ఇట్టి వాకిలి ఒకటి.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగ తలపవలెను. అనేక గృహములలో ఫోను అన్నదే గాని చెల్లెలిది గాదు. అందుచేత పగటివేళ ఒక గంట కంప్యూటరు వారికే కేటాయించి, తల్లులను గూడ రమ్మనవలెను. తల్లి ఒకమారు చూచి వెళ్లినచో, బిడ్డ ఏమి చేయుచున్నదను అనుమానమునకు తావుండదు.

గ్రంథముల రాకపోకలకు చిట్టా యున్నట్లే సేవకును చిట్టా యుండవలెను. పేరు, వయస్సు, ఎన్నుకొన్న పని, మొదలిడిన తేదీ, మొదటి పని ముగిసిన తేదీ, గడచిన గంటలు, నేర్చుకొన్నది: ఈ గడులు చాలును. నెలకొకమారు ఆ చిట్టాను చదువరుల యెదుట చదువవలెను. మానుకొన్నవారిని నిందింపక, ఎందుకు మానిరో అడిగి వ్రాసికొనవలెను. పని పొసగనిచో వేరొక పని చూపవచ్చును. పద్దు లేని వ్యవసాయమున లాభనష్టములు తెలియనట్లే, పద్దు లేని సేవయందు ఎవరు నిలిచిరో ఎవరు జారిరో తెలియదు.

జాగ్రత్తలును చెప్పక తప్పదు. సేవ పేరిట వల పన్నువారు గలరు. సేవకునిగా చేరుటకు రుసుము కట్టుమనినను, ధ్రువపత్రమునకు వెల చెప్పినను, బ్యాంకు వివరములనుగాని ఓటీపీనిగాని అడిగినను, అది సేవాద్వారము గాదు, దొంగల వాకిలి. నిజమైన ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా సాధారణముగా ‘గవ్ డాట్ ఇన్’ అని ముగియునని పిల్లలకు నేర్పవలెను. మోసమున ధనము పోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారిని తలిదండ్రుల సమ్మతి లేక ఏ పనిలోను చేర్పరాదు. అన్నము పెట్టుచు పేదవాని ముఖమును, చదువు చెప్పుచు పసిపిల్లల ముఖములను ఫోటోలు తీసి లోకమునకు పంచుట తగదు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదను మర్యాదను ఫోను మరపింపరాదు.

ధ్రువపత్రమును గూర్చి ఒక్క మాట. దానిని ఆశించుట పాపము గాదు. ఉద్యోగార్థికి అది కొంత ఉపకరింపవచ్చును. కాని పత్రముకొరకే వచ్చినవాడు పత్రము చేతికందగానే పోవును. పని రుచి యెఱిగినవాడు పత్రము రాకున్నను నిలుచును. అందుచే పెద్దలు పత్రమును ఎరగా చూపక, పనిని రుచి చూపింపవలెను.

వాల్మీకి రామాయణమున కానరాని ఉడుత కథ తెలుగువారి రంగనాథ రామాయణమున గలదు. ఆ కథనుండియే ఉడుతాభక్తి యను మాట ఇంటింటను నిలిచినది. కాని ఉడుతకు సేతువు కట్టుచోటు కంటి యెదుటనే యుండెను. ఇసుక కాలి క్రిందనే యుండెను. నేటి యువజనులకు సేతువులు అనేకములు కట్టబడుచున్నను, అవి కంటికి కానరాని దూరమున కట్టబడుచున్నవి. వారియందు భక్తి లేదని నిందించుటకు ముందు, సేతువెక్కడ కట్టుచున్నారో వారికి చూపినారమా యని పెద్దలు ప్రశ్నించుకొనవలెను.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు తలుపులు తెరచినవారు, బీరువాలు తుడిచినవారు, చందాలు వసూలుచేసినవారు అందరును వేతనము లేనివారే. వారి తరువాత ఈ తాళపుచెవి ఎవరి చేతికి పోవును? పుస్తకములు కొనవచ్చును, భవనము కట్టవచ్చును, తాళపుచెవి యందుకొను చేయిని మాత్రము తయారుచేసికొనవలెను. వారమునకు రెండు సాయంకాలములు ఒక బిడ్డకు సేవాద్వారము చూపుటయే ఆ తయారీ. ఈ సభ ముగియులోపుననే ఆ నోటుపుస్తకమున మొదటి పేరు వ్రాయబడుగాక! స్వర్ణోత్సవము నాటికి ఆ చిట్టా ఈ గ్రంథాలయమునందలి గొప్ప గ్రంథమగుగాక!

స్వస్తి.